ఇస్సాకు విశ్వాసం ఎక్కడ కనబడుతుంది? యూత్ క్లాసు కోసం అడుగుతున్నాను

సాయంకాలం
శుక్రవారం, రాత్రి 9:10

అందరికీ వందనాలు. మా సంఘంలో యూత్ బైబిల్ క్లాసు నేనే చెప్తున్నాను. జనవరి నుంచి ఆదికాండం చదువుతున్నాం. అబ్రాహాముకి ఆరు ఆదివారాలు పట్టింది. యాకోబుకీ అన్ని పడతాయి, యోసేపుకి ఇంకా ఎక్కువే. మధ్యలో ఇస్సాకు. మా దగ్గరున్న పాఠాల్లో ఆయనకి ఇచ్చింది ఒక్క ఆదివారం, అందులోనూ సగం రిబ్కా పెళ్లి సంబంధమే.

నాకది మనసొప్పడం లేదు. "అబ్రాహాము దేవా, ఇస్సాకు దేవా, యాకోబు దేవా" అని రోజూ ప్రార్థనలో అంటాం కదా. మధ్యలో ఉన్నాయన గురించి చెప్పమంటే రెండే గుర్తొస్తాయి. మోరీయా కొండ మీద తండ్రి బలి ఇవ్వబోతూ కట్టెలపై పడుకోబెట్టిన కొడుకు, ముసలితనంలో చూపు పోయి, పెద్దకొడుకు ఏశావు వేషంలో వచ్చిన చిన్నకొడుకు యాకోబు చేతిలో మోసపోయిన తండ్రి. రెండు చోట్లా ఆయనకి ఏదో జరిగింది తప్ప ఆయన చేసిందేమిటో కనబడదు. హెబ్రీ పత్రిక 11వ అధ్యాయంలో అబ్రాహాము గురించి 8 నుంచి 19 వరకు ఉంది. ఇస్సాకు విశ్వాసం గురించి ఒక్క 20వ వచనమే. అది కూడా కొడుకులిద్దర్నీ దీవించాడని! మోసపోయిన ఆ రోజునే విశ్వాసం కింద రాశారంటే ఎలా అర్థం చేసుకోవాలి? మా పిల్లలు కచ్చితంగా అడుగుతారు, వాళ్ళకి చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు.

ఈ ఆదివారం కాదు, ఆపై ఆదివారం క్లాసు. మీకు తోచింది చెప్పండి.

అక్షరమాల
శుక్రవారం, రాత్రి 10:02

సిస్టర్, ముందు వయసులు పక్కన పెట్టుకుని చదవండి, మనిషి వేరేగా కనబడతాడు. అబ్రాహాముకి 100 ఏళ్ళు, శారాకి 90 ఉన్నప్పుడు ఇస్సాకు పుట్టాడు. శారా 127వ ఏట చనిపోయింది, అంటే అప్పటికి ఇస్సాకు 37 ఏళ్ళవాడు. 40కి పెళ్లి, 60కి కవలలు. అబ్రాహాము 175 ఏళ్ళు బతికాడు కాబట్టి తండ్రి పోయేనాటికి ఇస్సాకుకి 75, ఏశావు యాకోబులకి 15. ఆ మనవలు తాతని బాగా ఎరిగినవాళ్ళే. ఇస్సాకు 180 ఏళ్ళు బతికాడు. ముగ్గురు పితరుల్లో అందరికంటే ఎక్కువ కాలం బతికింది ఈయనే, మనం అందరికంటే తక్కువ మాట్లాడుకునేదీ ఈయన గురించే.

పెళ్లయ్యాక పిల్లల కోసం 20 ఏళ్ళు ఎదురుచూశాడు. అబ్రాహాము శారా దాసి హాగరు దారి పట్టి ఇష్మాయేలుని కన్నాడు, యాకోబుకి నలుగురితో పిల్లలు. ఇస్సాకు మాత్రం రిబ్కా ఒక్కదానితోనే ఉండి ఆమె కోసం దేవుణ్ణి వేడుకున్నాడు. అది ఒకే వచనంలో అయిపోతుంది, 25:21. ఆ వచనంలో 20 ఏళ్ళు దాగి ఉన్నాయి.

కాగితం పడవ
శుక్రవారం, రాత్రి 11:25

నేను చర్చి మానేసి చాలా ఏళ్ళయింది, కానీ ఆదికాండం మీద ఇష్టం పోలేదు. నా అభ్యంతరం సూటిగా చెప్తాను, కోపగించకండి.

ఫిలిష్తీయుల ఊరు గెరారులో ఇస్సాకు ఏం చేశాడు? "నీకు తోడుగా ఉంటాను" అని దేవుడు చెప్పిన కొద్ది వచనాలకే, తనను చంపేస్తారన్న భయంతో భార్యని చెల్లెలని చెప్పాడు. అక్కడి రాజు అబీమెలెకు కిటికీలోంచి చూడబట్టి బయటపడింది గానీ లేకపోతే రిబ్కా గతి ఏమయ్యేది? తండ్రి చేసిన తప్పే కొడుకూ చేశాడు. తర్వాత పిల్లల దగ్గర పక్షపాతం. వేట మాంసం రుచి కోసం ఏశావుని ఇష్టపడ్డాడని అక్కడే రాసి ఉంది. ఇంట్లో అన్నదమ్ములు చంపుకునేదాకా రావడంలో ఆయన వాటా లేదా? యూత్‌కి ఇవి దాచి చెప్తే వాళ్ళకి తెలియకుండా ఉంటుందా?

సాయంకాలం
శుక్రవారం, రాత్రి 11:40

కోపం ఎందుకండీ, ఇలాంటివే అడగమని పిల్లలకి నేనే చెప్తుంటాను. దాచను. కానీ ఇవన్నీ చెప్పాక ఇంకేం మిగులుతుందా అన్నదే నా టెన్షన్.

నల్లరేగడి
శనివారం, ఉదయం 6:15

అమ్మా, నాకు థియాలజీ తెలియదు. ఆదోని దగ్గర వ్యవసాయం చేసుకునేవాణ్ణి. కానీ ఆదికాండం 26 నాకు నోటికి వచ్చు, ఎందుకంటే అది బావుల అధ్యాయం.

నాకు 15 ఏళ్ళప్పుడు మా ఊళ్ళో పూడిపోయిన బావి ఒకదాన్ని తిరిగి తీశారు. మా తాత నాటి బావి. కట్టుబడి రాళ్ళు సగం లోపలికి పడిపోయి, పైన తుమ్మచెట్టు మొలిచి, బావి ఉందని కూడా కొత్తవాళ్ళకి తెలియదు. మగవాళ్ళు దిగి పలుగూ పారతో తవ్వుతుంటే మేం పిల్లలం వరసగా నిలబడి తట్టలు అందించుకునేవాళ్ళం. మొదట్లో ఎండుమన్ను, సులువే. ఆ తర్వాత ముళ్ళకంప, పగిలిన కుండపెంకులు, కుళ్ళిన మోట తోలు ముక్క. ఇంకా దిగితే నల్ల బురద. ఆ వాసన అన్నం ముందు కూర్చున్నా వదిలేది కాదు. కొత్త బావి తవ్వడం కంటే పూడిన బావి తీయడమే కష్టమని మా నాన్న అనేవాడు. కొత్తదానిలో మన్ను పట్టుగా ఉంటుంది. పూడినదానిలో ఎక్కడ తట్టినా పక్కలు జారి మీద పడతాయి. పదకొండో రోజు ఈశాన్యం మూల రాయి సందులోంచి వేలెడంత సన్నంగా ఊట కదిలింది. కింద ఉన్న మా చిన్నాన్న దోసిలి పట్టి తాగి, ఏమీ మాట్లాడకుండా పైకి చూశాడు. అంతే, పైన ఉన్న అందరికీ తెలిసిపోయింది.

ఇప్పుడు 15వ వచనం చదవండి. అబ్రాహాము తవ్వించిన బావుల్ని ఫిలిష్తీయులు మన్ను పోసి పూడ్చేశారు. నీళ్ళు కరువైన దేశంలో ఎవరన్నా బావి పూడుస్తారా? వాడుకోవచ్చు కదా! పూడ్చారంటే వాళ్ళకి నీళ్ళు అక్కర్లేదని కాదు, బావి ఉంటే ఈ మనిషికి ఇక్కడ హక్కు ఉంటుందని. బావి కనబడకుండా చేస్తే "నీ తండ్రి ఇక్కడ ఎప్పుడున్నాడు?" అని అడగొచ్చు.

18వ వచనంలో ఇస్సాకు ఏం చేశాడో చూడండి. ఆ బావుల్ని తిరిగి తవ్వించాడు. తన తండ్రి ఏ పేర్లు పెట్టాడో అవే పేర్లు పెట్టాడు. కొత్త పేరు పెట్టుకోవడానికి ఆయనకి అడ్డెవరూ లేరు. పాత పేరుతోనే పిలిచాడు. మా బావిని కూడా తీశాక మా నాన్న పాత పేరుతోనే పిలవాలన్నాడు, అందుకే నాకిది బాగా తగిలింది. తండ్రి విశ్వాసం తనదాకా వచ్చేటప్పటికి మన్ను కింద ఉంది. ఆ మన్ను తీయడమే ఇస్సాకు చేసిన పని.

గోదారిగట్టు
శనివారం, ఉదయం 8:50

నల్లరేగడి గారూ, 40 ఏళ్ళు వాక్యం చెప్పాను, 18వ వచనం దగ్గర ఇంతసేపు ఆగలేదు. దేవుడు మిమ్మల్ని దీవించును గాక.

దానికి నా మాట ఒకటి కలుపుతాను. ఆ తర్వాత ఇస్సాకు దాసులు గెరారు లోయలో కొత్త బావి తవ్వితే ఊట తగిలింది. మూలభాషలో అక్కడున్నది "జీవజలాలు" అన్న మాట. గెరారు కాపరులు వచ్చి నీళ్ళు మావేనన్నారు. ఇస్సాకు ఆ బావికి ఏశెకు అని పేరు పెట్టి వదిలేశాడు, అంటే జగడం. రెండోది తవ్వారు, దానికీ కొట్లాటే. శిత్నా, అంటే పగ. మూడో బావి దగ్గర ఎవరూ రాలేదు. రహెబోతు, అంటే విశాలమైన చోటు.

దీన్ని చాలామంది చేతకానితనం అనుకుంటారు. నేనూ చిన్నప్పుడు అలాగే అనుకున్నాను. కానీ 16వ వచనం వదిలేసి చదవకండి. "నువ్వు మాకంటే బలవంతుడివి, మా దగ్గర్నుంచి వెళ్ళిపో" అన్నాడు రాజు. కరువులో విత్తనం వేస్తే నూరంతలు పండింది, మందలూ దాసులూ లెక్కలేనంతమంది. గెరారు కాపరుల మీదికి మనుషుల్ని పంపాలంటే ఆయనకి ఒక్క మాట చాలు. తండ్రి అబ్రాహాము అయితే సోదరుడి కొడుకు లోతుని చెర నుంచి విడిపించడానికి 318 మందితో రాజుల మీదికే వెళ్ళాడు. కొడుకు బలం ఉండి కూడా బావి వదిలాడు. రెండుసార్లు వదిలాడు. కానీ తవ్వడం మానలేదు. నాకు విశ్వాసం కనబడేది అక్కడ. ఈ బావి పోతే దేవుడిచ్చిన మాట పోతుందని ఆయన అనుకోలేదు.

కాగితం పడవ
శనివారం, ఉదయం 9:30

"నువ్వు మాకంటే బలవంతుడివి" అన్న మాట నేను గమనించలేదు అయ్యగారూ. అది ఒప్పుకుంటాను, బావుల దగ్గర ఆయన పిరికివాడు కాదు. కానీ రిబ్కా విషయంలో పిరికివాడే.

గోదారిగట్టు
శనివారం, ఉదయం 9:48

అవును బాబూ, అక్కడ భయపడ్డాడు. దాన్ని నేను కప్పిపుచ్చను. బైబిలు కూడా కప్పిపుచ్చలేదు. అదే అధ్యాయంలో 24వ వచనం చూడు. బెయేర్షెబాకి చేరిన రాత్రి దేవుడు ప్రత్యక్షమై చెప్పిన మాటల్లో "భయపడకు" అన్నది ఉంది. భయపడని మనిషికి ఆ మాట అవసరం లేదు కదా.

కడప గడప
శనివారం, మధ్యాహ్నం 2:05

అస్సలాము అలైకుం. నేను ముస్లింని, ఈ చర్చ రెండుసార్లు చదివాను. మా ఇంట్లో ఆయన్ని ఇస్‌హాఖ్ అలైహిస్సలాం అంటాం. ఖురాన్‌లో 37వ సూరాలో బలి సంగతి వస్తుంది, అక్కడ కొడుకు పేరు ఉండదు. మా పెద్దల్లో ఎక్కువమంది ఆ కొడుకు ఇస్మాయీల్ అంటారు. ఆ వెంటనే 112వ ఆయత్‌లో ఇస్‌హాఖ్ పుట్టుక గురించిన శుభవార్త ఉంది. ఇది వాదన కోసం కాదు, మేమూ ఆయన్ని ప్రవక్తగా గౌరవిస్తామని చెప్పడానికే.

మీ ఆదికాండంలో నాకు నచ్చిన ఒక చోటు ఉంది. అబ్రాహాము చనిపోయినప్పుడు ఇస్సాకూ ఇష్మాయేలూ ఇద్దరూ కలిసి మక్పేలా గుహలో పాతిపెట్టారని 25వ అధ్యాయంలో ఉంది. చిన్నప్పుడు తల్లితో సహా ఇంట్లోంచి పంపేసిన అన్న వచ్చాడు, తమ్ముడు పక్కన నిలబడ్డాడు. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో రాయలేదు. సాయంకాలం అక్కా, ఇది కూడా మీ పిల్లలకి చెప్పండి.

సాయంకాలం
శనివారం, మధ్యాహ్నం 2:40

వఅలైకుం సలాం. తప్పకుండా చెప్తాను తమ్ముడూ. ఆ వచనం వెనకే ఇంకో మాట ఉంది, ఇస్సాకు లహాయిరోయి బావి దగ్గర కాపురం ఉన్నాడని. అది హాగరు దేవుణ్ణి చూసిన బావి, ఇష్మాయేలు పేరు చెప్పబడిన చోటు. ఇస్సాకు వెళ్ళి అక్కడ ఉన్నాడన్నది నువ్వు చెప్పాకే నాకు తట్టింది.

షార్జా డ్యూటీ
శనివారం, రాత్రి 11:55

ఇప్పుడే డ్యూటీ నుంచి రూముకి వచ్చి మొత్తం చదివాను. నేను షార్జాలో 11 ఏళ్ళ నుంచి ఉంటున్నాను. ఊరు రాజోలు వైపు.

మా చర్చిలో గల్ఫ్ వాళ్ళకి మీటింగ్ పెడితే ఎప్పుడూ అబ్రాహామే. "నీ దేశం విడిచి బయలుదేరు" అన్న వాక్యం. విన్నప్పుడల్లా ధైర్యంగా ఉండేది. పోయిన ఏడు నాన్నకి పక్షవాతం వచ్చింది. మంచం దగ్గర ఉండేది మా తమ్ముడు. లేపేది, తిప్పి పడుకోబెట్టేది, స్నానం చేయించేది, గడ్డం గీసేది అంతా వాడే. నాతో పాటు వీసా వచ్చినా వెళ్ళలేదు. ఊళ్ళో అందరూ నన్ను ప్రయోజకుడంటారు, వాణ్ణి ఇంటి దగ్గరే ఉండిపోయాడంటారు.

ఇస్సాకుకి దేవుడు చెప్పిన మొదటి మాట చూశాను, 26:2. "ఐగుప్తుకి వెళ్ళకు, నేను చెప్పే దేశంలో ఉండు." కరువు ఉంది, తండ్రి కరువొస్తే ఐగుప్తుకి వెళ్ళాడు, కొడుకు యాకోబు కూడా చివర్లో ఐగుప్తుకే వెళ్ళాడు. ఈయన్ని ఒక్కణ్ణే ఉండమన్నాడు. ఉన్నాడు. వెళ్ళడం విశ్వాసం అని వేలసార్లు విన్నాను. ఉండిపోవడం కూడా విశ్వాసమేనని ఎవరూ చెప్పగా వినలేదు. ఈ రాత్రి మా తమ్ముడికి ఫోన్ చేస్తాను.

అక్షరమాల
ఆదివారం, సాయంత్రం 4:20

షార్జా బ్రదర్ చెప్పినదానికి ఆధారం గట్టిగా ఉంది. కనానుని ఒక్కసారి కూడా దాటనిది ముగ్గురు పితరుల్లో ఇస్సాకు ఒక్కడే. రిబ్కా కోసం సేవకుణ్ణి పంపేటప్పుడు అబ్రాహాము రెండుసార్లు హెచ్చరిస్తాడు, నా కుమారుణ్ణి అక్కడికి తీసుకెళ్ళొద్దని. పేరు మారనిది కూడా ఈయనకే. అబ్రాము అబ్రాహాము అయ్యాడు, యాకోబు ఇశ్రాయేలు అయ్యాడు. ఇస్సాకు పేరు మాత్రం పుట్టకముందే దేవుడు పెట్టిందే, చివరిదాకా అదే.

ఆ పేరుకి "నవ్వుతాడు" అని అర్థం. కాగితం పడవ గారు చెప్పిన కిటికీ సన్నివేశంలో, ఇస్సాకు రిబ్కాతో సరసమాడుతున్నాడన్న చోట, హెబ్రీలో వాడింది ఆ నవ్వు ధాతువే. ఇస్సాకు ఇస్సాకులాగే ఉన్నాడు అన్నట్టు వినబడుతుంది. తెలుగులోకి ఆ చమత్కారం రాదు.

మోరీయా సంగతికి వస్తే, ఇస్సాకు వయసు ఎంతో ఆదికాండంలో లేదు. 1వ శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ 25 ఏళ్ళు అని రాశాడు. యూదుల్లో 37 ఏళ్ళు అనే సంప్రదాయం కూడా ఉంది. సండే స్కూల్ బొమ్మల్లో చూపించేటంత చిన్నపిల్లాడైతే కాదు, దహనబలికి కావలసిన కట్టెలు మోసుకుని కొండెక్కాడు. వందేళ్ళు దాటిన తండ్రి అంత కొడుకుని కట్టేశాడంటే కొడుకు కట్టేయించుకున్నాడన్నమాట. చిన్నపిల్లాడిలా చూపించడం మాత్రం ఇప్పటిది కాదు. ఇశ్రాయేలులో బేత్ అల్ఫా దగ్గర 6వ శతాబ్దపు సమాజమందిరం నేల మీద రంగురాళ్ళతో చేసిన బొమ్మలో కూడా ఇస్సాకు చిన్నవాడే, తండ్రి చేతిలో వేలాడుతూ ఉంటాడు. ఆ నేల 1928లో బయటపడింది. అక్కడి రైతులు పొలానికి నీటికాలువ తవ్వుతుంటే! నల్లరేగడి గారికి ఇది నచ్చుతుందనిపించి రాశాను.

నల్లరేగడి
ఆదివారం, రాత్రి 7:05

బాగుంది సార్. ఇస్సాకు జాడ కూడా పారకే తగిలిందన్నమాట. బెయేర్షెబాలో నిజంగా పాత బావి ఉందంటారు, ఎంత లోతు ఉంటుంది?

అక్షరమాల
ఆదివారం, రాత్రి 7:30

ఇప్పటి ఊరికి తూర్పున తెల్ బెయేర్షెబా అనే పాత దిబ్బ ఉంది. యోహానాన్ అహరోని బృందం 1969 నుంచి 1976 దాకా తవ్వింది. 2005లో మెగిద్దో, హాసోరులతో పాటు యునెస్కో జాబితాలో చేర్చారు. కోట గుమ్మం బయట బావి ఉంది, దాదాపు 70 మీటర్ల లోతు. దాని కాలం మీద పండితులకి ఏకాభిప్రాయం లేదు, కాబట్టి అది ఇస్సాకు బావేనని క్లాసులో చెప్పొద్దు సిస్టర్. ఆ నేలలో నీళ్ళ కోసం ఎంత దిగాలో తెలుస్తుంది, అంతే. అక్కడ వాన ఏడాదికి 200 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే.

నల్లరేగడి
ఆదివారం, రాత్రి 7:41

70 మీటర్లంటే 230 అడుగులు. చేత్తో. మా జిల్లా వానలో సగం కూడా పడని చోట. రెండు బావులు వదిలేశాడని ఇంత తేలిగ్గా చదివేస్తున్నాం గానీ, తవ్వినవాళ్ళని తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది.

సాయంకాలం
సోమవారం, రాత్రి 8:15

ఎంత మేలు చేశారు మీరంతా. బావులు, ఉండిపోవడం, మోరీయా, అన్నీ రాసుకున్నాను. కానీ మొదట అడిగిన ముడి ఇంకా విడలేదు. హెబ్రీ 11:20. మోసపోయి ఇచ్చిన దీవెన విశ్వాసం ఎలా అవుతుంది? అయ్యగారూ, మీరు చెప్పాలి.

గోదారిగట్టు
సోమవారం, రాత్రి 9:40

అమ్మా, నాకు తెలిసినంత చెప్తాను.

27వ అధ్యాయంలో ఇస్సాకు అనుకున్నది ఏశావుని దీవించాలని. పెద్దవాడు చిన్నవాడికి దాసుడవుతాడని రిబ్కాకి కడుపులో ఉన్నప్పుడే దేవుడు చెప్పాడు. ఇస్సాకుకి ఆ సంగతి తెలుసో తెలియదో రాయలేదు. ఆయన ఇష్టం మాత్రం పెద్దవాడి మీద. చూపు లేదు. ముట్టుకున్నాడు, వాసన చూశాడు, మూడు రకాలుగా పరీక్షించాడు. గొంతు యాకోబుది, చేతులు ఏశావువి అన్నాడు. చెవి చెప్పింది నిజం, చెయ్యి చెప్పింది అబద్ధం. చేతినే నమ్మాడు.

ఏశావు వచ్చాడు. ఇస్సాకు గడగడ వణికాడని 33వ వచనం. నేను ఎప్పుడూ ఆ వచనం దగ్గరే ఆగుతాను. మోసం తెలిసిన ఏ తండ్రైనా ఏమంటాడు? "పిలవండి వాణ్ణి, ఆ దీవెన చెల్లదు" అంటాడు. కోపంతో శపిస్తాడు. ఇస్సాకు మాత్రం వణుకుతూనే, అదే నోటితో, అతడు దీవించబడినవాడే అన్నాడు. ఏశావు బిగ్గరగా ఏడ్చాడు. ఇష్టమైన కొడుకు. ఆ ఏడుపు వింటూ కూడా ఇచ్చిన దీవెన వెనక్కి తీసుకోలేదు. ఆ వణుకు కోపం వల్ల వచ్చింది కాదని నా నమ్మకం. తన ఇష్టాన్ని దాటి దేవుడు తన పని చేసేశాడని ఆ క్షణంలో తెలిసింది.

దానికి రుజువు 28వ అధ్యాయం మొదట్లో ఉంది, ఎవరూ పెద్దగా చదవరు. యాకోబుని మేనమామ లాబాను ఉండే పద్దనరాముకి పంపేటప్పుడు ఇస్సాకు మళ్ళీ దీవించాడు. ఈసారి మారువేషం లేదు, మేకతోలు లేదు, ఎదురుగా ఉన్నది యాకోబని తెలుసు. సర్వశక్తిగల దేవుడు నిన్ను దీవించి, అబ్రాహాముకిచ్చిన ఆశీర్వాదం నీకూ నీ సంతానానికీ ఇవ్వాలి అన్నాడు. మొదటి దీవెనలో పంట, మంచు, అన్నదమ్ముల మీద పెత్తనం ఉన్నాయి గానీ అబ్రాహాము పేరు లేదు. రెండోదాన్లో ఉంది. మోసం చేసిన కొడుకుకి తెలిసి తెలిసి తండ్రి ఆస్తిలోకెల్లా పెద్దది అప్పగించాడు. నల్లరేగడి గారి బావులు గుర్తు తెచ్చుకోండి. అక్కడ బావి వదిలాడు, ఇక్కడ తన ఇష్టాన్ని వదిలాడు. 11:20ని నేను ఇలాగే అర్థం చేసుకున్నాను.

కాగితం పడవ
సోమవారం, రాత్రి 10:30

అయ్యగారూ, ఇది నాకు కొత్త. 27, 28 వేరువేరుగానే చదివాను ఇన్నాళ్ళూ. ఏశావు ఏడుపుకి మాత్రం నా దగ్గర జవాబు లేదు, మీ దగ్గరా ఉండదనుకుంటాను.

గోదారిగట్టు
సోమవారం, రాత్రి 10:44

లేదు బాబూ. ఆ ఏడుపు చదివినప్పుడు నేనూ పుస్తకం మూసేసి కూర్చుంటాను.

అక్షరమాల
మంగళవారం, ఉదయం 7:10

ఆ ఏడుపు తర్వాత ఏమైందో లెక్కతో చెప్తాను. ఐగుప్తు రాజు ఫరో ముందు నిలబడేనాటికి యాకోబుకి 130 ఏళ్ళు. అప్పటికి అతని కొడుకు యోసేపుకి 39 (30కి ఐగుప్తులో అధికారి, ఏడు పంట ఏళ్ళు, రెండు కరువు ఏళ్ళు). కాబట్టి యాకోబు 91వ ఏట యోసేపు పుట్టాడు. అది లాబాను దగ్గర 14 ఏళ్ళ కొలువు తీరిన సమయం. అంటే ఇల్లు విడిచేనాటికి యాకోబుకి 77, ఇస్సాకుకి 137. చావు దగ్గరపడిందనుకుని దీవించిన ఇస్సాకు ఆ తర్వాత 43 ఏళ్ళు బతికాడు! అన్న ఇష్మాయేలు 137వ ఏట చనిపోయాడు, బహుశా అందుకే తనకీ సమయం వచ్చిందనుకున్నాడేమో.

యోసేపుని 17వ ఏట అన్నలు అమ్మేశారు. అప్పటికి ఇస్సాకుకి 168, హెబ్రోనులో ఉన్నాడు. యాకోబు గోనెపట్ట కట్టుకుని ఏడ్చిన 12 ఏళ్ళు తాత బతికే ఉన్నాడు. 37:35లో "అతని తండ్రి అతని కోసం ఏడ్చాడు" అన్నది యాకోబు కోసం ఏడ్చిన ఇస్సాకు గురించేనని 11వ శతాబ్దపు యూదు వ్యాఖ్యాత రాషీ అంటాడు. యోసేపు ఫరో ముందు నిలబడడానికి ఏడాది ముందు ఇస్సాకు కన్నుమూశాడు. చెరసాలలో ఉన్న మనవడి కబురు ఆయనకి తెలియలేదు. ఏశావూ యాకోబూ ఇద్దరూ కలిసి పాతిపెట్టారు, 35:29. ఇస్సాకు ఇష్మాయేలుతో నిలబడ్డట్టే.

కడప గడప
మంగళవారం, ఉదయం 7:52

ఆ చివరి మాట కోసమే నేను ఎదురుచూస్తున్నాను సార్.

షార్జా డ్యూటీ
గురువారం, రాత్రి 12:20

ఆ రోజు తమ్ముడికి ఫోన్ చేశాను. ఇస్సాకు గురించి చెప్పడం మొదలుపెడితే నా గొంతు సరిగ్గా రాలేదు. వాడు "అన్నా, నాన్న మేలుకునే ఉన్నాడు, స్పీకర్ పెడుతున్నా, మళ్ళీ మొదట్నుంచి చెప్పు" అన్నాడు. మీ పోస్టులే చదివి వినిపించాను ఇద్దరికీ.

సాయంకాలం
ఆపై ఆదివారం, మధ్యాహ్నం 1:30

క్లాసు అయింది! ఒక్క ఆదివారం సరిపోలేదు, ఇంకో రెండు ఆదివారాలు అడిగి తీసుకున్నాను. ఇవాళ 26వ అధ్యాయమే చెప్పాను. ఇంటర్ చదివే అబ్బాయి ఒకడు ప్రశ్న వేశాడు. తరిమేసిన అబీమెలెకే స్నేహితుడు అహుజ్జతునీ సేనాపతి ఫీకోలునీ వెంటబెట్టుకుని బెయేర్షెబాకి వచ్చి ఒప్పందం అడిగితే, ఇస్సాకు అంత సులువుగా విందు ఎలా చేశాడు మేడమ్ అని. నూరంతలు పండింది కదా, నీళ్ళు కూడా దొరికాయి, ఇంక కోపం ఎందుకుంటుంది అని చెప్పాను. వాడికి నచ్చినట్టు లేదు.

నల్లరేగడి
ఆపై ఆదివారం, సాయంత్రం 5:50

అమ్మా, ఆ పిల్లాడికి నచ్చకపోవడం సబబే. వరస చూడండి. 25వ వచనంలో బలిపీఠం కట్టాడు, గుడారం వేశాడు, దాసులు బావి తవ్వడం మొదలుపెట్టారు. 30లో విందు. 31లో తెల్లవారి ప్రమాణం, సమాధానంగా సాగనంపడం. దాసులు వచ్చి "నీళ్ళు కనబడ్డాయి" అన్నది 32లో. అంటే వాళ్ళకి వంట చేయించిన రాత్రి ఆ బావిలో ఇంకా నీళ్ళు పడలేదు.

సాయంకాలం
ఆపై ఆదివారం, సాయంత్రం 6:05

నేను చూడనే లేదు. వచ్చే వారం ముందు ఆ అబ్బాయికి సారీ చెప్పి, అక్కడ్నుంచే మొదలుపెడతాను.